మరిదిగారి వంశం నీకెందుకు?

(అక్క విజయవాడలో చరిత్ర పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసింది. చెల్లెలు ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో కాపురం ఉంటోంది, భర్త అక్కడివాడే. అతని పూర్వికులు నావికులనీ, వెన్న, ఉప్పు మాంసం ఎగుమతి చేసిన వర్తకులనీ ఆ ఇంట్లో చెప్పుకుంటారు. ఆమె వాళ్లను పాత కాగితాల్లో వెతుకుతోంది. నేను చెల్లెలి పక్షమే, ఆ సంగతి దాచను. అక్క గట్టి మనిషి కావడం నా తప్పు కాదు.)

అక్క: ఏరు మూలం, ఋషి మూలం అడగకూడదన్నారు. నువ్వు వెన్న వ్యాపారి మూలం కూడా అడుగుతున్నావు. అడిగినా చెప్పడానికి అక్కడేం మిగిలింది? 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న రికార్డుల భవనం తగలబడింది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు దాదాపు అన్నీ పోయాయి. వీలునామాలు పోయాయి. ప్రొటెస్టెంట్ చర్చి రిజిస్టర్లలో సగానికి పైగా పోయాయి. 1861 నుంచి 1891 వరకు తీసిన లెక్కలను ప్రభుత్వమే అంతకుముందు నాశనం చేసింది.

చెల్లెలు: 1901, 1911 లెక్కలు ఉన్నాయి కదా అక్కా.

అక్క: వాటిలో దొరికేవాళ్ల పేర్లు మీ మామగారికి కంఠతా వచ్చు. మనం తర్పణంలో మూడు తరాల పేర్లు చెప్పి ఆపేస్తాం. ఆ పైవాళ్లు మనవాళ్లు కాకపోయారా?

చెల్లెలు: కాలిపోయినవి ఆ ఒక్క భవనంలో చేర్చిన కాగితాలు. వర్తకుడి కాగితాలు ఆస్తి దగ్గర ఉంటాయి, నావికుడివి ఓడ దగ్గర ఉంటాయి. డబ్లిన్‌లో 1708లో పెట్టిన దస్తావేజుల కార్యాలయం ఉంది. క్యాథలిక్కులు భూమి కొనకూడదు, 31 ఏళ్లకు మించి కౌలుకు తీసుకోకూడదు అన్న చట్టాలను అమలు చేయడానికి దాన్ని పెట్టారు. ఆ భవనం వేరు కాబట్టి మంట దాన్ని తాకలేదు. భూమి దక్కని క్యాథలిక్ కుటుంబాలు ఎన్నో వ్యాపారంలోకే దిగాయి. గోదాము అద్దె, పెళ్లి ఒప్పందం, తాకట్టు, అన్నీ ఆ పుస్తకాలకెక్కాయి. ఒక చిక్కుంది. సూచిక ఆస్తి ఇచ్చినవాడి పేరుతోనే ఉంటుంది, పుచ్చుకున్నవాడి పేరుతో ఉండదు. కొన్నవాడిని పట్టుకోవాలంటే ఊరి పేరుతో ఉన్న సంపుటాలు తిరగేయాలి. ఇక నావికుడి సంగతి. 1863 తర్వాతి ఓడ సిబ్బంది జాబితాల్లో పేరు, వయసు, పుట్టిన ఊరు, అంతకుముందు పనిచేసిన ఓడ ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఇప్పుడు కెనడాలో, న్యూఫౌండ్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఐర్లండ్‌లో నమోదు కాని ఓడ ఎక్కిన కార్క్‌వాడి కోసం కెనడాకు ఉత్తరం రాయాలి. రాస్తున్నాను.

అక్క: దస్తావేజు ఆస్తి ఉన్నవాడికి, జాబితా సంతకం పెట్టినవాడికి. మిగతావాళ్లు? టిప్పరరీలో పుట్టిన జార్జ్ థామస్ మద్రాసులో ఓడ దిగి పారిపోయాడు. తర్వాత ఉత్తరాదిన హాన్సీకి రాజై కూర్చున్నాడు. రాజయ్యాడు కాబట్టి మనకు తెలిసింది. కూలివాడిగా చచ్చిపోయుంటే?

చెల్లెలు: పారిపోయినవాళ్లను కూడా ఆ జాబితాలు రాసుకుంటాయి, ఏ రేవులో దిగి తిరిగి రాలేదో. థామస్ కాలానికి అవి లేవు, నిజమే.

అక్క: సరే, దొరికాడనుకో. పద్దెనిమిదో శతాబ్దపు కార్క్ నుంచి ఉప్పు మాంసం, వెన్న ఎక్కడికి వెళ్లాయి? కరీబియన్ చెరకు తోటలకు. అందులో నాసిరకం మాంసం ఫ్రెంచి దీవుల్లోని బానిసల తిండికి. ఫ్రాన్స్‌లోని నాంత్ రేవులో ఐరిష్ వంశీకుడు ఆంట్వాన్ వాల్ష్ ఏకంగా బానిసల ఓడలే నడిపాడు. మీ అత్తగారింట్లో గోడకు ఓడ పటం ఉందన్నావు. దాని కింద ఈ మాట రాసి తగిలిస్తావా? పండక్కి వచ్చిన చుట్టాలకు చదివి వినిపిస్తావా?

చెల్లెలు: తగిలిస్తాను. అది ఇష్టం లేకపోతే పటమే తీసేయమంటాను. అక్కా, ఆ ఇంట్లో “వర్తకులు, నావికులు” అని ఒక్క గుక్కలో చెప్పుకుంటారు, ఇద్దరూ ఒకే బల్ల మీద అన్నం తిన్నట్టు. కాగితం వాళ్లను విడదీస్తుంది. ఓడ యాజమాన్యాన్ని 64 వాటాలుగా రాసేవారు. వాటాదారుల్లో దుకాణదారు ఉంటాడు, విధవరాలు ఉంటుంది, ఒక్కోసారి కప్తానూ ఉంటాడు. తెరచాప కట్టినవాడికి నెలజీతమే. మా ఇంటివాళ్లు ఏ వైపున్నారో తెలియకుండా గర్వపడటం నాకు చేతకాదు, సిగ్గుపడటమూ చేతకాదు. బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో బ్రిటిష్ పార్లమెంటు యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది. బానిసలకు దమ్మిడీ లేదు. ఆ సొమ్ము అడిగినవాళ్ల పేర్లు ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఐర్లండ్‌లో ఉన్నవాళ్లవీ ఉన్నాయి. అది కూడా చూడకుండా వంశవృక్షం గీస్తే ఎలా?

అక్క: అంత న్యాయబుద్ధి ఉన్నదానివి, అమ్మమ్మ వాళ్ల కోరంగి సంగతి ఎప్పుడైనా తవ్వావా? అక్కడ ఓడలు కట్టేవారు. 1839 తుఫాను ఆ రేవును ముంచింది. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలని పిలిచేవారంటే ఎంతమంది ఆ రేవు నుంచి వెళ్లుంటారు! అమ్మమ్మ పుట్టింటికి పడవల్లో వాటా ఉండేదని అమ్మ చెప్పేది. వాళ్లలో ఒక్కరి పేరు చెప్పు.

చెల్లెలు: చెప్పలేను. దస్తావేజుల పెట్టె తెరవనిచ్చావా?

అక్క: పెట్టె నా దగ్గర ఎక్కడుంది? చిన్నమామయ్య పట్టుకెళ్లాడు.

చెల్లెలు: పట్టుకెళ్తుంటే నువ్వు గుమ్మంలోనే ఉన్నావు. చెదలు పట్టిన కాగితాలు పోతే పోయాయన్నావు.

అక్క: అప్పుడు ఇల్లు పంచుకుంటున్నాం, కాగితాలు ఎవరికి గుర్తొస్తాయి! అసలు మాటకు రా. నువ్వు మరిదిగారి తాతల కోసం కళ్లు పాడుచేసుకుంటున్నావు. ఆయన మన కోరంగి కోసం చెన్నైలో ఎగ్మూరు పత్రాగారంలో ఒక్క వారం కూర్చుంటాడా?

చెల్లెలు: అడుగుతాను. కంపెనీ కాలపు రికార్డులు ఇంగ్లిషులో ఉంటాయి, ఆయన చదవగలడు. పెట్టెలోని తెలుగు దస్తావేజులు మాత్రం నువ్వే చదవాలి. ముందు మామయ్యకు ఫోను చెయ్యి.

అక్క: నేను చెయ్యను. ఆ ఇంటి తగవు తర్వాత ఆయనతో మాటల్లేవని నీకు తెలుసు. నువ్వే చెయ్యి.