‘మీ కోసమే తోమించి ఉంచాను మేడమ్’

ఇంటికొచ్చి రెండు గంటలైంది. చీర కూడా మార్చుకోలేదు. ఎదురుగా టేబుల్ మీద తెల్లకాగితంలో ఆ నాణెం ఉంది. కరెంటు తీగ తొక్క ఒలిస్తే లోపల రాగి ఎలా ఉంటుందో, సరిగ్గా ఆ రంగులో మెరుస్తోంది. పొద్దున పదకొండింటికి నేను చూసినప్పుడు అది వేయించిన కాఫీ గింజ రంగులో ఉంది. ఆ రంగు రావడానికి రెండు వందల ముప్పై ఏళ్ళు పట్టింది. నేను ఏటీఎంకి వెళ్ళి వచ్చేసరికి పోయింది.

ఈ రోజు నాణేల షో. నెల రోజుల నుంచి ఎదురు చూశాను. హాల్లో అడుగు పెట్టగానే ఎప్పటిలాగే ముందు వరసంతా బంగారం, వెండి. వరహాల దగ్గర జనం, విక్టోరియా రూపాయల దగ్గర జనం, 786 నంబరు నోట్ల దగ్గర ఇంకా జనం. రాగి ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. చివరి వరసలో, బాత్‌రూమ్‌కి వెళ్ళే దారిలో, ప్లాస్టిక్ టబ్బులో పోసి ఉంటుంది. పైన ఒక అట్టముక్క మీద ‘ఏది తీసుకున్నా ఒకటే రేటు’ అని రాసి ఉంటుంది.

కింద కూర్చుని గంటన్నర ఏరాను. ముద్ర సగమే పడిన నిజాం కాలం మొద్దు డబ్బులు. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ కానీలు, అవైతే గుప్పెళ్ళకొద్దీ. అరిగిపోయి ఏనుగు వీపు మాత్రం మిగిలిన ఒక టిప్పు పైసా. దాని వెనక ‘ఫైజ్ హిసార్’ అన్న అక్షరాలు కాస్త కనబడుతున్నాయి. అది మన గుత్తి కోటకి టిప్పు పెట్టిన పేరు. ఆయన మౌలూదీ అనే తన సొంత సంవత్సరాల లెక్క మొదలుపెట్టాక నాణేల మీద సంవత్సరాన్ని కుడి నుంచి ఎడమకి రాయించాడు. ఆ సంగతి తెలియక ఎంతమంది ఆ అంకెల్ని తలకిందులుగా చదువుతారో. ఇంకా 1808 నాటి మద్రాసు ‘ఇరవై కాసుల’ నాణేలు రెండు దొరికాయి. ఒంటి నిండా చిన్న చిన్న గుంటలు. అవి ఉప్పునీళ్ళు తిన్న గుంటలు అయ్యుండాలి. ఆ నాణేల్ని మద్రాసుకు తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్విన్ ఇసుక తిన్నెల మీద మునిగిపోయింది. టన్నుల కొద్దీ రాగి కాసులు సముద్రం అడుగున ఉండిపోయి 1980లలో పైకి వచ్చాయి. మన సంతల్లో చేతులు మారాల్సిన చిల్లర అది. దాన్ని చేతిలో పట్టుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

సరే, అసలు విషయానికి వస్తాను.

టబ్బు అడుగున దొరికింది అది. ఒకవైపు కంపెనీ వారి చిహ్నం, ఇంకోవైపు గుండె ఆకారంలో ముద్ర, 1794 అని సంవత్సరం, ‘రూపాయికి నలభై ఎనిమిది’ అని ఇంగ్లీషులో రాత. ఉత్తర సర్కారుల కోసం కొట్టించిన నాణెం. అంటే శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో మాథ్యూ బౌల్టన్ టంకశాలలో, ఆవిరి యంత్రంతో నడిచే అచ్చుల కింద పుట్టి, ఓడెక్కి మన తీరానికి వచ్చిన డబ్బు. మన ఊళ్ళ పేరున వేరే దేశంలో కొట్టిన రాగి. పదకొండేళ్ళుగా వెతుకుతున్నాను. అరిగినవి చాలా చూశాను. ఇది అరగలేదు. అంచు దగ్గర అక్షరాలు వేలికి తగులుతున్నాయి. ఒంటి మీద ముదురు గోధుమరంగు పొర ఎక్కడా గీత లేకుండా ఉంది.

డీలర్ బేరం నాతో చేయలేదు. మా ఆయనతో చేశాడు. మా ఆయన సంచి పట్టుకోవడానికి వచ్చారు పాపం, ఆయనకు నాణేల గురించి ఏమీ తెలియదు, తెలియదని చెప్పారు కూడా. ‘ఆవిడే చూస్తుందండీ, ఆవిడతో మాట్లాడండి’ అన్నారు. అయినా ధర ఆయనకే చెప్పాడు. ‘సార్, మేడమ్‌కి వెండిలో మంచివి ఉన్నాయి, చూపించనా?’ అని కూడా ఆయన్నే అడిగాడు. నేను లూప్, అదే చిన్న భూతద్దం, కంట్లో పెట్టుకుని ఎదురుగా కూర్చునే ఉన్నాను. సరే, అలవాటైపోయింది కదా అని ఊరుకున్నాను. సగం డబ్బు ఇచ్చాను. హాల్లో సిగ్నల్ లేక ఫోన్‌లో పేమెంట్ వెళ్ళలేదు. ఏటీఎంకి వెళ్ళొస్తాను, పక్కన పెట్టండి అని చెప్పి వెళ్ళాను. నలభై నిమిషాలు పట్టింది.

తిరిగొచ్చేసరికి అక్కడ పనిచేసే కుర్రాడు చేతులు తుడుచుకుంటున్నాడు. టేబుల్ కింద గాజు గ్లాసులో నిమ్మరసం, ఉప్పు కలిపిన నీళ్ళు, పక్కన గిన్నెలు తోమే పీచు. డీలర్ నవ్వుతూ నాణెం అరచేతిలో పెట్టి చూపించాడు. ‘మీ కోసమే తోమించి ఉంచాను మేడమ్. ఆడవాళ్ళకి తళతళలాడితేనే కదా నచ్చేది.’

నాకు కాళ్ళు వణికాయి. నిజంగా చెప్తున్నాను, ఒక్క నిమిషం మాట రాలేదు.

ఆ గోధుమరంగు మురికి కాదు. ఎన్నిసార్లు చెప్పాలి? రాగి గాలితో, తేమతో కలిసి తన మీద తాను కట్టుకున్న పొర అది. ముందు ఎర్రగా సన్నటి పొర వస్తుంది, తర్వాత గోధుమరంగు, మట్టిలో ఉంటే ఆకుపచ్చ. ఆ పొర గట్టిపడ్డాక లోపలి రాగిని కాపాడేది అదే. పులుపు తగలగానే అది కరిగిపోతుంది. పీచుతో రుద్దితే పైనున్న సన్నటి గీతలు, అక్షరాల అంచులు కూడా దానితో పోతాయి. మళ్ళీ రాదు. గంధకం పూసి పాత రంగు తెప్పించేవాళ్ళు ఉన్నారు, నాకు తెలుసు. నేను ఆ పని చేయను. అది అబద్ధం.

అసలు మట్టి పట్టిన నాణెమే చదవడానికి తేలిక. నా దగ్గర గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఫలూస్, అంటే రాగి నాణెం, ఒకటి ఉంది. కొన్నప్పుడు మట్టిముద్దలా ఉంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి, వెదురు పుల్ల కొసతో రవ్వంత రవ్వంత తీస్తూ నెలన్నర కూర్చున్నాను. అక్షరాల మధ్య సందుల్లో లేత రంగు మట్టి అలాగే ఉంచాను కాబట్టి ముదురు రంగు అక్షరాలు పైకి తేలి కనిపించాయి. ‘మేలుతో, శుభంతో ముగిసింది’ అని ఆ రాతకి అర్థం. మొగలుల ఒత్తిడికి గోల్కొండ తలవంచిన కాలంలో వచ్చిన నాణెం మీద ఆ మాట. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. అదే నాణెం ఈ డీలర్ చేతిలో పడి ఉంటే ఐదు నిమిషాల్లో నున్నటి బిళ్ళ అయ్యేది.

తోమడం ఒక్కటే కాదు. ఆ మెత్తటి ప్లాస్టిక్ కవర్లు చూడండి. పీవీసీ కవర్లో రాగి పెట్టి రెండు మూడు వేసవులు దాటిస్తే ఆకుపచ్చ జిగురు దిగుతుంది, అది రాగిని తినేస్తుంది. ప్రతి టేబుల్ మీదా అవే కవర్లు. బంగారానికి మాత్రం గట్టి డబ్బా, దాని మీద గ్రేడు, సీలు. బంగారానికి ఏ కవరైనా ఏమీ కాదు. కాపాడాల్సింది దేన్ని?

ఇంక రాగి అడిగేవాళ్ళు ఎవరంటే, నన్ను ఈ రోజు నలుగురు పక్కకు పిలిచి అడిగింది ఒకటే. ‘మేడమ్, రైస్ పుల్లర్ ఏమైనా ఉందా?’ బియ్యాన్ని లాగే రాగి నాణెం అట, కోట్లు పలుకుతుందట. రాగిని అయస్కాంతమే పట్టించుకోదు, బియ్యాన్ని అది ఎలా లాగుతుంది? ఇనుప రజను పట్టించిన గింజలు చూపించి మోసం చేసే ముఠాలని పోలీసులు పట్టుకున్నారని పేపర్లో వస్తూనే ఉంటుంది, మర్నాడు మళ్ళీ అడుగుతారు. ఒకాయన 1818 అణా తెచ్చాడు, ఒకవైపు హనుమంతుడు, ఒకవైపు కంపెనీ పేరు. కంపెనీ వాళ్ళు అలాంటి రాగి అణా ఎప్పుడూ వేయలేదండీ అని చెప్తే నా మీద కోపగించుకున్నాడు. దేవుడి బొమ్మ ఉన్న కంపెనీ నాణేలు కావాలంటే మద్రాసులో కొట్టిన బంగారు వరహాలు ఉన్నాయి, మూడు మూర్తులు ఉన్నవి, నిజమైనవి. ఈ రాగి బిళ్ళ ఆలయాల దగ్గర అమ్ముకునే టోకెన్. ఆయన చెల్లించిన డబ్బు తలుచుకుంటే జాలేసింది. కానీ అదే టబ్బులో పక్కనే నిజమైన గుత్తి పైసా పడి ఉంటే ఆయన దాని వైపు చూడలేదు.

పొలంలో బంగారు నాణేల కుండ దొరికితే పేపర్లో ఫోటో వస్తుంది, తాసీల్దారు వస్తారు. రాగి నాణేల కుండ దొరికితే పాత సామాన్ల కొట్టుకి పోతుంది, తూకం లెక్కన. 1878 నాటి నిధి చట్టం పది రూపాయల విలువ దాటిన ఏ నిధినైనా కలెక్టరుకు చెప్పమంటుంది. అందులో బంగారం అని రాసి లేదు.

ఒక్కసారి మన మాటలు వినండి. డబ్బు అంటాం. డబ్బు అంటేనే ఒకప్పుడు రాగి నాణెం, నా చేతిలో పాడైపోయిన ఈ నాణెం లాంటిదే. పైసలు అంటాం, రాగి. కానీ, దమ్మిడీ, రాగి. ఇంట్లో ఎవరి దగ్గరా వరహాలు ఉండేవి కావు. ఉప్పు కొన్నది రాగితో, రేవు దాటింది రాగితో, కూలి తీసుకున్నది రాగితో. మా తాతముత్తాతల చేతుల్లో రోజూ తిరిగిన లోహం ఇదే. రాజుగారి ఖజానాలో నిద్రపోయిన బంగారం మీద నాకు ఏ చుట్టరికమూ లేదు.

మా ఇంట్లోనే జరిగింది, వేరేవాళ్ళని అనడం ఎందుకు. మా నాయనమ్మకి ఒక రేకు డబ్బా ఉండేది. అందులో రాగి నాణేలు. చిన్నప్పుడు మధ్యాహ్నాలు ఆవిడ పక్కన పడుకుంటే ఒక్కొక్కటీ తీసి చేతిలో పెట్టేది. ఇది మీ ముత్తాత ఎద్దుల సంతకి పోయినప్పుడు మిగిలింది, ఇది మా అమ్మ నా కొంగున కట్టి పంపింది అని చెప్పేది. మధ్యలో చిల్లున్న కానీలు ఒక దారానికి గుచ్చి ఉండేవి. ఆవిడ పోయాక పంపకాలు జరిగాయి. కాసుల పేరు తూచడానికి కంసాలిని పిలిపించారు. రెండు రోజులు గొడవపడ్డారు, మా పెదనాన్న, మా బాబాయి ఆరు నెలలు మాట్లాడుకోలేదు. రాగి డబ్బాని మా పెద్దమ్మ పాత ఇత్తడి చెంబులతో కలిపి స్టీలు సామాన్లవాడికి వేసేసింది. బదులుగా ఒక స్టీలు బేసిన్ వచ్చింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. డబ్బా ఏదని అడిగితే, ‘చిలుం పట్టిన పైసలు, ఏం చేసుకుంటావే?’ అంది.

ఆ బేసిన్ ఇప్పటికీ వాళ్ళింట్లో ఉంది. బియ్యం కడుగుతారు దానిలో. పండగకి వెళ్ళినప్పుడల్లా నాకు కనబడుతుంది. నేను ఇరవై ఏళ్ళుగా టబ్బుల ముందు కూర్చుని వెతుకుతున్నది ఏమిటో మా వాళ్ళలో ఒక్కరు కూడా ఇంతవరకూ అడగలేదు.

డీలర్‌ని తిట్టలేకపోయాను. ఆయన మొహంలో చెడ్డతనం లేదు, అది ఇంకా బాధ. మంచి చేశాననే అనుకున్నాడు. అడ్వాన్స్ వెనక్కి ఇస్తానన్నాడు కూడా. ‘బాగా మెరుస్తోంది కదా మేడమ్, ఇంకా ఏంటి ప్రాబ్లమ్?’ అని నిజంగానే అడిగాడు. ఇన్నేళ్ళుగా ఇదే వ్యాపారం చేస్తున్నాడట. రాగిని తోమకూడదని ఒక్క కొనేవాడు కూడా ఆయనకు చెప్పలేదా? చెప్పి ఉండరు. తోమినవే ముందు అమ్ముడుపోతాయట. అంటే తప్పు ఆయన ఒక్కడిదే కాదు, మెరుపు చూసి కొనే మనందరిదీ.

మిగతా డబ్బు ఇచ్చేసి నాణెం తీసుకున్నాను. అక్కడే వదిలేస్తే ఆ కుర్రాడు ఇంకోసారి తోముతాడు. కుర్రాడిని పక్కకు పిలిచి గ్లాసులో నీళ్ళు పారబోయించాను. గుత్తి పైసా, ఉప్పునీళ్ళ కాసులు కూడా కొనేశాను, వాటి మీద చెయ్యి వేయకముందే.

డిస్టిల్డ్ వాటర్‌లో వేశాను దాన్ని ఇప్పుడే. ఆ పులుపు, ఉప్పు ఒంట్లో మిగిలిపోతే ముందు ముందు లేత ఆకుపచ్చ పొడి రాలడం మొదలవుతుంది, అది మొదలైతే ఆపడం కష్టం. వారం రోజులు నీళ్ళు మారుస్తాను. తర్వాత ఆరబెట్టి కాగితం కవర్లో పెడతాను, తేదీ వేసి, ఎవరు తోమారో కూడా రాస్తాను.

మీ ఇళ్ళల్లో అటక మీద, దేవుడి గూట్లో, అమ్మమ్మ పెట్టెలో పాత రాగి నాణేలు ఉంటే దయచేసి ముట్టుకోకండి. చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, బూడిద వద్దు. ముందు రెండు వైపులా ఫోటో తీసి నాకు పంపండి. అర్ధరాత్రి అయినా చూస్తాను.