ఆకాశం చూపించి ఇల్లు లాక్కుంటారా?

శ్రీకాకుళం జిల్లా పలాసలో ఓ మాజీ హవల్దారు ఇంటి తలుపుకు గత వారం బ్యాంకువాళ్లు నోటీసు అంటించి వెళ్లారు. గుమ్మానికి పండగనాటి మామిడాకులు ఎండిపోయి ఇంకా వేలాడుతున్నాయి. పెద్దకొడుకు పైలట్‌ చదువుకు తనఖా పెట్టిన ఇల్లది. కుర్రాడు లైసెన్సుకు కావాల్సిన 200 గంటలూ విమానం నడిపాడు, పరీక్షలన్నీ పాసయ్యాడు, కమర్షియల్‌ పైలట్‌ లైసెన్సు తెచ్చుకున్నాడు. ఉద్యోగమే రాలేదు. ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లో చివరి పద్దు పడి రెండేళ్లవుతోంది. జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే తల్లి కూలి ఇంటి ఖర్చుకే చాలదు.

అది డిపాజిటర్ల సొమ్మని, సంతకం పెట్టినవారు కట్టాల్సిందేనని బ్యాంకర్లు అంటారు. కాదనం. మరి ఆ సంతకానికి ధైర్యమిచ్చిన మాట ఎవరిది?

రాబోయే 15–20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు చెప్పారు. ఆయన శ్రీకాకుళం ఎంపీ. 2014 నుంచి 2018 దాకా అదే శాఖ చూసిన అశోక్‌గజపతిరాజుది విజయనగరం. భోగాపురంలో విమానాశ్రయం కళ్లముందే లేచింది. ఇన్ని చూసిన పిల్లలు పైలట్‌ కావాలనుకోవడంలో అత్యాశేముంది? 30 వేల మాట విని శిక్షణ సంస్థ ఫీజు కట్టించుకుంది, బ్యాంకు అప్పిచ్చింది. తేడా వచ్చేసరికి నష్టం ఒక్క ఇంటిమీదే పడింది.

లెక్క చూడండి. 50 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ. చదివే రెండేళ్లూ, ఆపై ఏడాదీ వాయిదా కట్టక్కర్లేదంటారు. వడ్డీ మాత్రం ఆగదు. మూడేళ్లు తిరిగేసరికి బాకీ 66.5 లక్షలు. 15 ఏళ్లలో తీర్చాలంటే నెలకు 75 వేల పైమాటే. శిక్షణ విమానాలు చాలక, వానలు అడ్డొచ్చి, బోధకులు దొరక్క రెండేళ్ల కోర్సు మూడేళ్లకు సాగితే వడ్డీ ఇంకా పెరుగుతూ పోతుంది. ఆలస్యం సంస్థది, వడ్డీ విద్యార్థిది. లైసెన్సు వచ్చాక ఎయిర్‌బస్‌ ఏ320 నడపాలంటే ఆ రకం విమానానికి విడిగా తెచ్చుకునే అర్హత, టైప్‌ రేటింగ్‌కు మరో 15–20 లక్షలు కావాలి. ఖాళీగా ఉన్నన్నాళ్లూ పరికరాల ఆధారంగా విమానం నడిపే అర్హతకు (ఇన్‌స్ట్రుమెంట్‌ రేటింగ్‌) పరీక్ష, వైద్య పరీక్ష ఏటా చేయించుకోవాల్సిందే. ఆ ఖర్చూ ఆ ఇంటిదే.

2025 డిసెంబరులో సరిపడా పైలట్లు లేక ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసుకుంది. లైసెన్సున్న కుర్రాడు అదే వేళ పలాసలో ఖాళీగా కూర్చున్నాడు. కొత్తవాణ్ని తీసుకుని తయారుచేసుకునే ఖర్చు సంస్థలు భరించవు. అదీ తండ్రే భరించాలి.

పెద్దవాళ్ల విషయంలో మన బ్యాంకులకు ఎంత ఓపికో గుర్తుచేయక తప్పదు. 2019 ఏప్రిల్‌లో జెట్‌ ఎయిర్‌వేస్‌ ఆగిపోయి వేల కోట్ల బాకీ మిగిలింది. దివాలా చట్టం కింద బేరాలు నడిచాయి, బాకీలో భారీ కోతకు బ్యాంకులే ఒప్పుకున్నాయి. చివరికి 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆస్తులమ్మి కంపెనీని మూసేయమని (లిక్విడేషన్‌) ఆదేశించింది. విమానాల కంపెనీకి అయిదేళ్లు. విమానం నడపడం నేర్చుకున్నవాడికి, కోర్టుకెళ్లకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద నోటీసు, 60 రోజుల గడువు! సాగుభూమిని ఆ చట్టం మినహాయించింది గనుక బ్యాంకు చూపంతా ఇంటిమీదే.

మాఫీ అడగడం లేదు. ఉద్యోగం వచ్చేదాకా వాయిదాలు ఆపండి. ఉంటున్న ఇంటిని జప్తు చేయకండి. ఫీజు ఒక్కసారిగా శిక్షణ సంస్థకు చెల్లించకుండా, ఎగిరిన గంటలను బట్టి విడుదల చేయండి. ఎందరు చేరారో, ఎందరికి ఎన్నాళ్లకు లైసెన్సు వచ్చిందో, ఎందరికి ఉద్యోగం దొరికిందో ప్రతి సంస్థా బయటపెట్టేలా పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆదేశించాలి. ఆ లెక్కలు చూశాక అప్పు చేయాలో వద్దో తల్లిదండ్రులు తేల్చుకుంటారు.

కలెక్టర్ల ముందు జరిగే బ్యాంకర్ల సమావేశాల్లో పంట రుణాల లక్ష్యాలు చదివి లేచిపోతే ఎలా? ఈ అప్పుల సంగతి ఒక్కసారైనా ఎత్తారా? 30 వేల మంది పైలట్లు కావాలన్న మంత్రిగారి నియోజకవర్గంలోనే ఆ నోటీసు తలుపుకు వేలాడుతోంది. అందులోని 60 రోజుల్లో అప్పుడే ఓ వారం గడిచిపోయింది.