కారు పొట్టకింద రెక్కలు

కడప నగరంలో వాన నీళ్లు పోవడానికి సరైన కాలువ లేని వీధులు ఇంకా ఉన్నాయి. అవే వీధుల్లో ఇప్పుడు పొట్టకింద గాలి పోవడానికి ప్రత్యేకంగా కాలువలు పెట్టించుకున్న కార్లు తిరుగుతున్నాయి. అభివృద్ధి ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా, కారు కింద మొదలైంది. దీన్ని చూసి నవ్వేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్ల అజ్ఞానం పోగొట్టడం నా బాధ్యత అనుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వేగంగా పోయే కారు కింద గాలి ఇరుకు సందులో దూరి ఇంకా వేగం పుంజుకుంటుంది. గాలి వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. కింద తగ్గి, పైన తగ్గకపోతే కారు రోడ్డుకు అతుక్కుంటుంది, మలుపులో టైర్లు జారవు. ఈ సూత్రాన్ని డేనియల్ బెర్నౌలీ 1738లోనే పుస్తకంలో అచ్చు వేయించాడు. పాపం ఆయన మన రోడ్లు చూడలేదు. వెనక బంపరు కింద వాలుగా పైకి లేచే పలక ఒకటి పెడితే, ఇరుకులోంచి వచ్చిన గాలి నిదానంగా విప్పారి బయటపడుతుంది, కింద లాగుడు మరింత పెరుగుతుంది. దాన్నే డిఫ్యూజర్ అంటారు. వాలు మరీ ఎక్కువైతే గాలి పలకను వదిలేసి సుడి తిరుగుతుంది. ముందునుంచి వెనకదాకా అడుగు నున్నగా లేకపోయినా అంతే. సైలెన్సర్, గేర్‌బాక్స్, నానా కమ్మీలు వేలాడే పొట్టకు చివర్న ఒక ప్లాస్టిక్ ముక్క మాత్రం బిగిస్తే, అక్కడిదాకా వచ్చే గాలి అప్పటికే చెల్లాచెదురై ఉంటుంది. ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అని ఆన్‌లైన్లో వచ్చేవి ఈ రకం ముక్కలే. అయినా శాస్త్రం శాస్త్రమే, సరుకు సరుకే. రెండింటినీ ముడిపెట్టడం మర్యాద కాదు.

చరిత్ర కూడా ఘనమైనదే. ఫార్ములా వన్ రేసుల్లో కోలిన్ చాప్‌మన్ నడిపిన లోటస్ జట్టు 1977లో కారు అడుగునే రెక్కగా మలిచింది. మరుసటి ఏడాది లోటస్ 79తో మారియో ఆండ్రెట్టి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అంతకుముందే, 1970లో, అమెరికాలో చాపరాల్ 2జె అనే కారుకు వెనక రెండు ఫ్యాన్లు పెట్టి, వాటిని తిప్పడానికి వేరే ఇంజన్ పెట్టి, కింది గాలిని లాగేశారు. 1978లో బ్రాభమ్ జట్టు కూడా ఫ్యాన్ కారు తెచ్చింది. నికీ లౌడా దాంతో స్వీడన్‌లో గెలిచాడు. మళ్లీ ఆ కారు రేసులోకి రాలేదు. వెనక వచ్చేవాళ్ల మీద దుమ్మూ రాళ్లూ ఎగజిమ్ముతోందని తోటి డ్రైవర్లు గోల పెట్టారు. మన బైపాస్ మీద కంకర టిప్పర్లు ఏ ఫ్యానూ లేకుండానే ఈ పని చేస్తున్నాయి, ఒక్కరూ కప్పు ఇచ్చిన పాపాన పోలేదు. 1983 నుంచి ఫార్ములా వన్‌లో అడుగు చదునుగా ఉండాల్సిందేనని రూలు పెట్టి ఆ ఆటను కట్టించారు. 2022లో మళ్లీ అనుమతిస్తే కార్లు తిన్నటి రోడ్డు మీద కూడా ఎగిరెగిరి పడ్డాయి, డ్రైవర్లు నడుం పట్టుకుని దిగారు. కోట్లు ఖర్చుపెట్టి వాళ్లు సాధించిన ఈ కుదుపును మనవాళ్లు షేర్ ఆటోలో పది రూపాయలకే పొందుతున్నారన్న విషయం ఆ ఇంజనీర్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక లెక్కలోకి వద్దాం. గాలి పెట్టే ఈ ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం సగమైతే ఒత్తిడి పావు వంతే. మనవాళ్లలో ఒకడు కొన్నది సిసలైన సరుకేననీ, గంటకు 200 కిలోమీటర్ల దగ్గర 100 కిలోల బలంతో కారును కిందికి నొక్కుతుందనీ అనుకుందాం. ఊళ్లో 40 మీద పోతే ఆ బలం 4 కిలోలు. అంటే ఓ మాదిరి నాటుకోళ్లు రెండు. గువ్వలచెరువు ఘాట్‌లో లారీ వెనక 20 మీద ఎక్కుతుంటే 1 కిలో. పాలకోవాకు పేరున్న గువ్వలచెరువులో ఎలాగూ ఆగుతారు కాబట్టి కిలో పాలకోవా కొని డిక్కీలో పెట్టుకుంటే సరిపోతుంది. సాయంత్రం కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర 10 మీద పాకుతుంటే పావు కిలో. సిగ్నల్ దగ్గర సున్నా. కోళ్లు మాత్రం సిగ్నల్ దగ్గర కూడా నాలుగు కిలోలే తూగుతాయి.

చదువుకున్నవాళ్లు ఇక్కడ అభ్యంతరం చెబుతారు. గాలి టైర్లను నొక్కుతుందే కానీ కారు బరువు పెంచదు, కోళ్లయితే మలుపులో వాటినీ మోసుకు తిప్పాలి అంటారు. నిజమే. కానీ డిఫ్యూజర్‌ను సంగటిలో నంజుకోలేం.

మా అక్క కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సెకండ్ హ్యాండ్‌లో రెండు సీట్ల కారు కొన్నాడు. ఈ పని బెంగళూరులో చేయిస్తే రేటెక్కువని కడపకు తెచ్చి, లారీలు బాగుచేసే షెడ్డులో పెట్టాడు. నేనూ వెళ్లాను. కారు ఎంత కిందికుందంటే జాకీ దూరలేదు. ముందు చక్రాలను రెండు చెక్క దిమ్మెల మీదికి ఎక్కించి, ఆ తర్వాత జాకీ తోశారు. లారీల కోసం తవ్విన గుంతలో మేస్త్రీ నిలబడితే ఈ కారు ఆయన నెత్తికి రెండు జానల ఎత్తులో ఉంది. డబ్బాలోంచి తీసిన పలక మీద కార్బన్ ఫైబర్ అల్లిక కనిపించింది. మేస్త్రీ గోరుతో గీకితే ఆ అల్లిక మూల దగ్గర స్టిక్కరై లేచింది. బంపర్ గీతకూ పలక గీతకూ ఎక్కడా పొసగలేదు. వేడి గాలి మిషన్‌తో కాస్త వంచి, డ్రిల్లుతో కొత్త బెజ్జాలు పొడిచి, మరలు బిగించి, మర అందని చోట కేబుల్ టై వేసి, కేబుల్ టై కూడా అందని చోట ఎం-సీల్ పూశారు.

నడిమి భాగానికి చదునైన రేకు కావాలన్నాడు మావాడు.

“చదునుదే కావాలంటే మన బండ ఏస్తే సరిపాయ కదన్నా” అన్నాడు మేస్త్రీ.

“బరువు కదన్నా!” అన్నాడు వీడు.

“బండి నేలకు అతుక్కోవాలనే కదా ఇదంతా!”

కడప బండ దేశమంతటా ఇళ్ల గచ్చుకూ, వంటింటి గట్టుకూ పోయింది. కారు పొట్టకు పోకూడదని ఏ శాస్త్రంలో ఉంది? చివరికి అల్యూమినియం రేకే వేశారు. దాంతో ఇంజన్ ఆయిల్ మార్చాలంటే ముందు ఆ రేకు మరలన్నీ ఊడదీయాలి. గేర్‌బాక్స్‌కు తగిలే గాలి కూడా తగ్గింది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో మనుషులకే గాలి ఆడదు, గేర్‌బాక్స్ ఏం ప్రత్యేకం?

అసలు ఈ అలంకారంలోని గొప్పతనం వేరే ఉంది. మనవాళ్లు పెళ్లికి నగలు పెట్టుకున్నా, ఇంటి ముందు సింహం బొమ్మలు పెట్టించుకున్నా నలుగురూ చూడాలనే. కారు అడుగు ఎవరికీ కనపడదు. జీతంలో అంత భాగం పోసి రోడ్డుకు తప్ప ఇంకెవరికీ కనిపించని సొగసు చేయించడం గుప్తదానం కిందికి వస్తుంది. కాకపోతే ఈ దాత పెదవి విప్పకుండా ఉండలేడు. ఇంటికి రాగానే మావాడు గేటు ముందు నేల మీద బోర్లా పడుకుని, ఫోను మట్టికి ఆనించి, కారు కిందిభాగం ఫోటోలు తీశాడు. వాళ్ల జేజి అరుగు మీంచి చూసి, “ఏం పోగొట్టుకున్నాడే వాడు?” అని మా అక్కనడిగింది. “లక్ష రూపాయలత్తా” అంది మా అక్క.

చట్టం మాట కూడా ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ తయారుచేసినప్పటి వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. ఆపి చూడాలంటే అధికారి కూడా బోర్లా పడుకోవాలి. యూనిఫాం ఇస్త్రీ చెడుతుంది కాబట్టి ఆ ప్రమాదం తక్కువ.

అసలు శత్రువు స్పీడ్‌బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం బండ్లు 25 కిలోమీటర్ల వేగంతో దాటే గుండ్రటి స్పీడ్‌బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మా కాలనీ స్పీడ్‌బ్రేకర్‌కు ఇంజనీరు లేడు. ఎదురింటాయన స్లాబు వేయగా మిగిలిన కాంక్రీటును రాత్రికి రాత్రి రోడ్డుకు అడ్డంగా పోయించాడు. వెడల్పు రెండడుగులు, ఎత్తు ఆ రోజు కాంక్రీటు ఎంత మిగిలిందో అంత. దీన్ని దాటడానికి మావాడు కారును ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్నీ విడివిడిగా ఎక్కిస్తాడు. అంతసేపూ వెనక రెండు ఆటోలు, ఒక పాల బండి, ఒక స్కూలు వ్యాను హారన్ కొడుతూ ఉంటాయి. గాలిని సాఫీగా పంపే పరికరం వల్ల గాలి తప్ప అన్నీ ఆగిపోతాయి.

అందుకే కార్పొరేషన్‌వారికి నా విన్నపం. ప్రతి స్పీడ్‌బ్రేకర్ పక్కనా ఒక చిన్న అరుగు కట్టించండి. ఊడిన స్ప్లిట్టర్లు (ముందు బంపరు కింది పలకలు), విరిగిన స్కర్టులు (పక్క అంచుల పలకలు), తెగిన కేబుల్ టైలు దాని మీద పెడితే ఎవరిది వాళ్లు ఏరుకుంటారు. పన్ను వేస్తామన్నా అభ్యంతరం లేదు, ఇంత ఖర్చు పెట్టినవాళ్లు పన్నుకు వెనకాడరు.

ఈ అరుగు లేకపోవడం వల్ల జరిగిన నష్టం ఇది. మొన్న పండక్కి వచ్చినప్పుడు మావాడి డిఫ్యూజర్ ఆ కాంక్రీటు గట్టు దగ్గరే ఊడింది. వీడు పాటలు వింటూ చూసుకోలేదు. ఇల్లు చేరాక వెనక్కి వెతుక్కుంటూ వస్తే, కారం దోసెల బండి మీద కనిపించింది. దాని నిలువు రెక్కల మధ్య ఆరు స్టీలు ప్లేట్లు వరసగా నిలబడి ఆరుతున్నాయి. నీళ్లు ఆ వాలు మీదుగా చక్కగా కిందికి జారిపోతున్నాయి.

“అది నాదన్నా” అన్నాడు మావాడు.

దోసెలాయన అట్లకాడ దించకుండానే చూశాడు. “నీదేనా అబ్బీ? మంచి సరుకు. ఇంగోటి ఊడితే గూడా ఇయ్యి, గ్లాసులకు కావాల.”