ఒక్క పదం, ఎనిమిదేళ్లు వెనక్కి

భువనేశ్వర్‌లో సఫారీ రిట్రీట్స్ అనే కంపెనీ ఓ మాల్ కట్టింది. సిమెంటు, ఇసుక, స్టీలు, వైర్లు, లిఫ్టులు, ఎస్కలేటర్లు, ఆఖరికి ఆర్కిటెక్టు ఫీజు, ప్రతి బిల్లు మీదా జీఎస్టీ కట్టుకుంటూ పోతే 34 కోట్ల రూపాయల పైచిలుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద ముందే కట్టేసిన పన్ను, తర్వాత కట్టాల్సిన పన్నులో తగ్గించుకునేది) పోగుపడింది. షాపుల అద్దెల మీద కట్టాల్సిన పన్నులో దాన్ని మినహాయించుకుంటామంటే అధికారులు జీఎస్టీ చట్టంలోని సెక్షన్ 17(5)(డి) చూపించి కుదరదన్నారు. సొంతానికి కట్టుకునే భవనాల ఖర్చు మీద క్రెడిట్ ఇవ్వొద్దని, 'ప్లాంట్ ఆర్ మెషినరీ'కి మాత్రం మినహాయింపు అని ఆ క్లాజు చెబుతుండేది. 2019 ఏప్రిల్‌లో ఒరిస్సా హైకోర్టు కంపెనీ వైపు నిలిచింది. అద్దె మీద పన్ను తీసుకుంటూ, ఆ అద్దె తెచ్చే భవనానికి కట్టిన పన్నును పట్టించుకోకపోతే ఇక జీఎస్టీ ఎందుకు? సబబైన మాటే.

సుప్రీంకోర్టులో వ్యవహారం ఒక్క పదం దగ్గరికొచ్చి ఆగింది. చట్టంలో మిగతా చోట్ల 'ప్లాంట్ అండ్ మెషినరీ' అని ఉంటే, ఈ క్లాజులో మాత్రం 'ప్లాంట్ ఆర్ మెషినరీ' అని ఉండేది. మొదటిదానికి నిర్వచనం ఉంది, అందులోకి భవనాలు రావు. రెండోదానికి అసలు నిర్వచనమే లేకపోయింది. డ్రాఫ్టింగ్ పొరపాటు అంది కేంద్రం. పొరపాటైతే ఈపాటికే దిద్దుకోవచ్చు కదా అంది కోర్టు. 2024 అక్టోబర్ 3న సెక్షన్ చెల్లుతుందంటూనే, అద్దె వ్యాపారానికి భవనమే ఆధారమైతే అదీ 'ప్లాంట్' కావచ్చని, ఈ మాల్ సంగతి హైకోర్టే తేల్చాలని తిప్పి పంపింది.

తేలేలోపే పని అయిపోయింది. డిసెంబర్‌లో జైసల్మేర్‌లో కూర్చున్న జీఎస్టీ కౌన్సిల్ (మన రెండు రాష్ట్రాలకూ అందులో సీట్లున్నాయి, మరచిపోవద్దు) సిఫారసు చేసింది, 2025 ఫైనాన్స్ చట్టం 'ఆర్' తీసేసి 'అండ్' పెట్టింది, అదీ 2017 జూలై 1 నుంచే వర్తించేలా!

మాల్ ఓనర్లకు క్రెడిట్ ఇవ్వకూడదనుకోవడం ప్రభుత్వం ఇష్టం, దానికి మేం అడ్డు చెప్పం. ఇకమీదట ఇవ్వబోమంటే సరిపోయేది. మామూలు వ్యాపారి ఒక బిల్లు క్రెడిట్‌ను మరుసటి ఆర్థిక సంవత్సరం నవంబర్ 30లోగా క్లెయిమ్ చేసుకోకపోతే అది పోయినట్టే, మరచిపోయానండీ అంటే వినే నాథుడుండడు. పన్ను ఆలస్యమైతే 18 శాతం వడ్డీ. అదే సర్కారు తన డ్రాఫ్టింగ్ తప్పును దాదాపు ఎనిమిదేళ్ల తర్వాత, కోర్టులో దెబ్బ తగిలాక, తీరిగ్గా మొదటి రోజు నుంచీ దిద్దేసుకుంది.

పోనీ, హైకోర్టు తీర్పు నమ్మి మాలో గోదామో ఆఫీసు భవనమో కట్టి క్రెడిట్ వాడుకున్నవాళ్ల నుంచి అసలు రాబట్టుకోండి. వడ్డీ, పెనాల్టీ మాత్రం అడగొద్దు.