విదేశీ పిల్లలు రావడం సంతోషమే, వార్డెన్ సంగతి చూడండి

ఒంగోలు దగ్గర ఒక చిన్న క్రైస్తవ బోర్డింగ్ స్కూలు విదేశీ విద్యార్థులను చేర్చుకుంటోందని చదివి చాలా సంతోషించాను. 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మొదలైంది, 1866లో ఆ మిషన్‌కే చెందిన మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చారు. కాబట్టి పైదేశం వాళ్లు మనకు కొత్త కాదు.

వీసా, విదేశీ పిల్లలు వచ్చి దిగిన సంగతి 24 గంటల్లో అధికారులకు తెలపడం లాంటి ఆఫీసు పనులు ఎలాగో అయిపోతాయి. నా బెంగంతా రాత్రి లైట్లు ఆర్పాక పిల్లల పరిస్థితి గురించే. మా అమ్మాయిని హాస్టల్లో వేసిన కొత్తలో, ఆదివారం ఫోన్ కోసం లైన్లో నిలబడేది. తీరా వంతు వచ్చాక ఏడుపు తప్ప మాట వచ్చేది కాదు. కందుకూరు నుంచి ఒంగోలు దూరానికే అలా ఉంటే, సముద్రం దాటి వచ్చిన పిల్లల మాటేమిటి? వాళ్ల అమ్మానాన్నలు మేలుకొని ఉండే వేళ చూసి ఫోన్ ఇవ్వండి. గోంగూర, పండుమిరప కారం మెల్లగా అలవాటు చేయండి, మొదట్లో పెరుగన్నం, ఉడికించిన గుడ్డు చాలు. వాళ్లందరినీ ఒకే గదిలో పెట్టకుండా మన పిల్లలతో కలపండి. అన్నిటికన్నా ముఖ్యం, ఓపికున్న వార్డెన్‌ను పెట్టి మంచి జీతం ఇవ్వండి.

క్రిస్మస్‌కు ఊరెళ్లలేని పిల్లలుంటే స్కూలువాళ్లు ముందే చెప్పాలి. మా చర్చి సంఘంలో భోజనానికి పిలిచే కుటుంబాలు చాలా ఉన్నాయి.