ఆన్‌లైన్ల ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ చదివి ఏం చేస్తవ్ అని అడిగేటోళ్లకు

పీజీ రెండో సెమిస్టర్ మొదలైంది. ఆన్‌లైన్ల ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ చదువుతున్న అని చెప్పినప్పటి నుంచి ఆఫీసుల, ఇంట్ల, ఆఖరికి పెండ్లి బంతిల కూసున్నా ఒక్కటే మాట, "నీళ్లొస్తే ల్యాప్‌టాప్ అడ్డం పెట్టి ఆపుతవా?" అని. వాళ్లు నవ్వుతరు, నాకు నవ్వు రాదు. నేను తుంగభద్ర ఒడ్డున ఒక ఊరికి పంచాయతీ సెక్రటరీని. గట్టి వాన పడితే ఊరోళ్లు ఫస్టు ఫోన్ చేసేది నాకే, ఆపదల మనుషులను కాపాడే కేంద్రం బలగం ఎన్డీఆర్ఎఫ్ టీమ్ వచ్చేదాంక అక్కడ ఉండేది నేను, లైన్‌మన్, ఆశా అక్క, ట్రాక్టర్ డ్రైవర్, గంతే. మరి ఈ చదువు మాకు కాకపోతే ఇంకెవరికి?

ఈ చదువుల ఈత నేర్పరు, పడవ నడుపుడు నేర్పరు. ఆపద రాకముందు నష్టం తగ్గించుడు, తయారుగ ఉండుడు, వచ్చినప్పుడు పని చేసుడు, పోయినంక మళ్ల నిలబెట్టుడు, ఈ నాలుగింట్ల ఏ పని ఎవరిది, ఎవరు ఎవరికి చెప్పాలె, బడి తాళాలు ఎవరి దగ్గర ఉన్నయ్, జనరేటర్‌కు డీజిల్ ఎవరు పోస్తరు, నెలలు నిండిన ఆడబిడ్డలు ఎంతమంది, ఇదీ చదువు. చూడనీకె కాగితం పనే, కానీ మనుషులు బతికేది ఆ కాగితం సక్కగ ఉంటేనే.

మొదటి సెమిస్టర్ల ఒక అసైన్‌మెంట్ ఇచ్చిన్రు, మీ దగ్గర ఒక ఊరు తీసుకొని దానికి ఏ ఆపద ఎట్ల వస్తదో రాయమని. ఆదివారం బండేసుకొని రాజోలి పోయిన. 2009 అక్టోబర్ మొదట్ల తుంగభద్ర పొంగితే అలంపూర్, రాజోలి మునిగినయ్, ఆ వరదకే కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైన నీళ్లొచ్చినయ్, ఇది అందరికీ ఎరికే. ఒక నేతన్న ఇంటి ముందు అవ్వ కూసోని కండెలు చుడుతున్నది. నీళ్లు ఎంతదాంక వచ్చినయ్ అవ్వా అని అడిగితే లేచి లోపలికి తీస్కపోయి గడప దగ్గర నిలబడి చెయ్యి పైకి లేపింది, దర్వాజా పైకమ్మి ఆమె చేతికి అందలే, "ఇంకా పైకి బిడ్డా" అన్నది. మగ్గం గుంటల బురద తోడనీకే దినాలు పట్టిందంట, నూలు కుళ్లి ఇల్లంత వాసనంట. ముందుగాల ఎవరన్న చెప్పిన్రా అంటే, "చెప్పిన్రు, ఖాళీ చేయున్రి అన్నరు, యాడికి పోవాలెనో చెప్పలే" అన్నది.

అదే రాత్రి మా పాఠం ఏందో తెల్సా, హెచ్చరిక ఎట్ల చెప్పాలె అని. చెప్పేది ఎవరు, వచ్చే ఆపద ఏంది, ఏ వాడకు, ఎన్ని గంటల లోపల, అప్పుడు ఏం చెయ్యాలె, ఈ ఐదు లేకపోతే అది హెచ్చరిక కాదు అన్నడు సారు. అవ్వ చెప్పిన మాటకు ఐదోది లేదు. నేనూ ఇన్నేండ్లు మైకుల "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అనే చెప్పిచ్చిన. అప్రమత్తంగా ఉండుడు అంటే బర్రెలు తోలుకొని గుట్టకు పోవాల్నా, బడికి పోవాల్నా? ఇప్పుడు చెప్పిస్తే బడి పేరు, బాట పేరు, టైమ్ చెప్పిస్త, గొడ్లకు ఏ జాగనో కూడా చెప్పిస్త.

ఇంకో ముచ్చట. 1970ల కాలిఫోర్నియా అడవుల మంటలు అంటుకున్నప్పుడు ఎవరి ఆర్డర్ ఎవరు వినాల్నో తెల్వక ఆగమైన్రు, దాంట్ల నుంచి పుట్టిందే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్. ఒక్కరి కింద ముగ్గురి నుంచి ఏడుగురు, ఐదుగురైతే మంచిది, ఒక మనిషికి ఒక్కడే బాస్. ఆపదల పని చూసే మన కేంద్ర సంస్థ ఎన్డీఎంఏ దీన్నే మనకు తగ్గట్టు మార్చి 2010ల గైడ్‌లైన్స్ ఇచ్చింది. చదివినంక నాకు రెండేండ్ల కిందటి వానలు యాదికొచ్చినయ్, నా ఫోన్ల నాలుగు వాట్సాప్ గ్రూపులు, నాలుగింట్ల నలుగురు సార్లు అదే లెక్క అడుగుడు, ఫొటో పెట్టు అనుడు, నేను ఫొటోలు పెట్టుకుంటనే కూసున్న, కాలనీల ముసలాయన మంచం మీద ఉన్నడని ఆశా అక్క వచ్చి చెప్పేదాంక నాకు తెల్వలే. దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలితే ఆర్మీ, నేవీ, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి, చేతులతోనే సన్న సొరంగాలు తవ్వే ర్యాట్ మైనర్లు అందరొచ్చిన్రు, ఎనిమిది మందిల ఇద్దరి శవాలే దొరికినయ్. క్లాసుల సారు అడిగిన ప్రశ్న ఒక్కటే, ఇన్ని టీములు వస్తయని కూలకముందే ఏ ప్లాన్ల రాసి పెట్టుకోవాలె అని. నేను ఆ రాత్రి నిద్రపోలే.

2005 డిజాస్టర్ మేనేజ్‌మెంట్ చట్టం ప్రకారం జిల్లాకు ఒక డిజాస్టర్ ప్లాన్ ఉండాలె, ఏడాదికోసారి సరిచెయ్యాలె. నేను చూసిన ఒక ప్లాన్ల ఎప్పుడో ట్రాన్స్‌ఫర్ అయి పోయిన సారు నంబరు ఉన్నది, ఫోన్ చేస్తే ఇంకెవరో ఎత్తిన్రు.

ఆన్‌లైన్ చదువుకు లోటు లేదు అనను. జూమ్‌ల టేబుల్‌టాప్ ఎక్సర్‌సైజ్, అంటే కూసోని మాటలతోనే చేసే రిహార్సల్, చేస్తే ఇసుక బస్తా ఎట్ల పేర్చాల్నో రాదు, ఏడాదికి మూడు దినాలన్న ఫీల్డ్‌కు తీస్కపోవాలె. పుస్తకాలన్ని అమెరికావి, టోర్నడోలు, కౌంటీలు, షెరిఫ్‌లు, కౌంటీ అంటే మండలమా జిల్లానా అని రాత్రి పదకొండుకు మేడ మీద సిగ్నల్ కోసం నిలబడి నేనే తేల్చుకోవాలె. కానీ ఆన్‌లైన్ లేకపోతే నౌకరి, పిల్లలు ఇడిచిపెట్టి ఢిల్లీకో బొంబాయికో పోయి చదివేటోళ్లు మా మండలంల ఒక్కరు లేరు. ప్రమోషన్‌కు అక్కరకొస్తదా అంటే రాదు, తెలిసే చేరిన.

నాకు కావల్సింది ఒక్కటే, ఈ పాఠాలు తెలుగుల రావాలె, మా ఆశా అక్క చదివేటట్టు ఉండాలె. ఎవరో రాస్తరని చూస్తలేను, హెచ్చరిక పాఠం, ఇన్సిడెంట్ కమాండ్ పాఠం రెండూ తెలుగుల రాసిన, పది పేజీలు అయినయ్. సెక్రటరీలు, లైన్‌మన్లు, అంగన్‌వాడీ టీచర్లు, కావాల్నంటే కామెంట్ల చెప్పున్రి, పంపిస్త. తప్పులుంటే దిద్దున్రి.