టిక్ ఫీవర్‌కి ఐదు రోజుల కోర్సట!

'కుక్కకి టిక్ ఫీవరా? ఇంట్లోనే నయం చేసుకోండి' అనే మెసేజ్ అపార్ట్‌మెంట్ గ్రూపు, చుట్టాల గ్రూపు తిరిగి ఆఖరికి వాకింగ్ గ్రూపులోకీ వచ్చింది. పంపినవాళ్లంతా కావలసినవాళ్లే. అందుకే రాయక తప్పడం లేదు. టిక్ ఫీవర్ అంటే గోమార్లు కుట్టి అంటించే జ్వరం. ఆ మెసేజ్‌లోని మాటలు ఒక్కొక్కటే చూద్దాం.

"ఒంటిమీద గోమార్లు లేకపోతే టిక్ ఫీవర్ కాదు." రక్తం తాగాక అవి రాలిపోతాయి. జ్వరం బయటపడేది ఒకటి నుంచి మూడు వారాలకి. సాక్ష్యం చెప్పడానికి అప్పటిదాకా అక్కడే కూర్చోవు.

"కిరోసిన్ పూయండి." వద్దు. కుక్క నాకేస్తుంది. గోమారిని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నెమ్మదిగా లాగితే చాలు.

"బొప్పాయి ఆకు రసంతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయి." గోమారి కాటుతో ఒంట్లోకి చేరి వాటిని పడగొడుతున్న ఎర్లీషియా బాక్టీరియా సంగతి ఎవరు చూస్తారు?

"డాక్సీసైక్లిన్ ఐదు రోజులు వేసి, తిండి తినగానే ఆపేయండి, లేకపోతే లివర్ పోతుంది." ఒళ్లు మండేది ఇక్కడే. డాక్సీ (ఆ బాక్టీరియాని అణచే యాంటీబయాటిక్) పడ్డ ఒకటి రెండు రోజులకే చాలా కుక్కలు లేచి తోక ఊపుతాయి, గిన్నె నాకేస్తాయి. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకుంటారు. ఎర్లీషియా మాత్రం తెల్ల రక్తకణాల్లో నక్కి ఉంటుంది. మామూలుగా 28 రోజులు వాడమనేది అందుకే. మధ్యలో ఆపేస్తే కొన్ని కుక్కల్లో నెలల తరబడి చడీచప్పుడూ లేకుండా ఉండి, చివరికి రక్తం తయారయ్యే ఎముక మజ్జనే దెబ్బతీస్తుంది. అప్పుడు పై పెదవి ఎత్తి చూడండి: చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి. పొట్ట మీద సూదితో గుచ్చినట్టు ఎర్ర చుక్కలు, ముక్కులోంచి రక్తం. ఆ దశలో రక్తం ఎక్కించినా గ్యారంటీ లేదు. లివర్ మీద అంత బెంగ ఉంటే రక్త పరీక్షలో అదీ చూస్తారు. ఆ పరీక్ష ఎలాగూ చేయించాలి, ఎందుకంటే వచ్చింది గోమార్లే అంటించే మరో క్రిమి, బబేసియా అయితే (మూత్రం కాఫీ రంగులోకి మారితే ముందు అనుమానించేది దాన్నే) డాక్సీ ఒక్కదానికే లొంగదు, మందులు వేరు.

"జ్వరానికి ఇబుప్రోఫెన్ సగం బిళ్ల." ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకి కడుపులో పుండ్లు చేసే మందు! భేష్.

"గోడ పగుళ్లలో, కుక్క పడుకునే చోట మందు కొట్టండి." ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. డాక్టర్లు కూడా ఒక్కోసారి చెప్పకుండా వదిలేసే ముక్క. గోమార్లు ఎక్కువ కాలం బతికేది కుక్క మీద కాదు, ఆ సందుల్లోనే. గుడ్లు వేలల్లో పెట్టేదీ అక్కడే. కాకపోతే కొట్టేటప్పుడు కుక్కని బయట కట్టేసి, మందు బాగా ఆరాకే లోపలికి రానివ్వండి.